ఏలీయా ప్రవక్తయు నాబోతు ద్రాక్షతోటయు

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములందు ఒకే ప్రవక్త రెండు నామములతో పిలువబడుచున్నాడు. క్రైస్తవ కుటుంబములలో బిడ్డలకు ఏలీయా యని పేరు పెట్టుదురు. మహమ్మదీయ కుటుంబములలో ఇల్యాసు అని పెట్టుదురు. ఈ రెండును ఒకే పురుషుని పేరనియు, హీబ్రూ భాషయందు దానికి "యెహోవాయే నా దేవుడు" అని యర్థమనియు మనలో పెక్కుమంది తలపోయరు. నల్లమల నీడనున్న ఈ మెట్టసీమకును ఆ ప్రవక్తకును సంబంధమేమని యడుగుదురేని, అతని చరిత్ర యంతయు వాన లేకపోవుటతోనే ప్రారంభమగుచున్నది. ఆకాశమువైపు చూచి బ్రదుకు రైతునకు అతని కథను విప్పి చెప్ప నక్కఱలేదు.

అయినను, ఏలీయాను వాన నాపి వాన కురిపించిన మహిమాన్వితునిగా మాత్రమే యెఱిగినవారు అతని చరిత్రలో సగమే యెఱిగినవారు. మిగిలిన సగము ఒక రైతు పొలమును గూర్చినది. గ్రంథమును, ఆచారమును, జనశ్రుతిని వరుసగా పరిశీలించి, ఆ రెండవ సగమే అతని గౌరవమునకు గట్టి పునాది యని చూపుట ఈ పాఠముయొక్క యుద్దేశము.

1. గ్రంథమందలి చరిత్ర

ఏలీయా చరిత్ర రాజుల మొదటి గ్రంథము 17వ అధ్యాయమున ప్రారంభమై, రెండవ గ్రంథము 2వ అధ్యాయమున ముగియుచున్నది. అతడు యొర్దాను నదికి తూర్పుననున్న గిలాదు దేశపువాడు, తిష్బీయుడు. తండ్రి పేరు చెప్పబడలేదు, బాల్యము చెప్పబడలేదు. అకస్మాత్తుగా రాజు నెదుట నిలిచి, తాను చెప్పినగాని ఆ సంవత్సరములలో మంచైనను వానయైనను పడబోదని ప్రకటించి వెడలిపోయెను.

ఆ రాజు అహాబు. ఇతడు కల్పిత పురుషుడు కాడు. అస్సీరియా చక్రవర్తియగు మూడవ షల్మనేసరు, క్రీస్తుపూర్వము 853లో కర్కర వద్ద జరిగిన యుద్ధమును గూర్చి చెక్కించిన శాసనమందు, ఇశ్రాయేలీయుడైన అహాబు 2,000 రథములతోను 10,000 కాల్బలముతోను తన్నెదిరించినట్లు వ్రాయించెను. ఆ శిల 1861లో కుర్ఖు అను చోట దొరకెను. ఆ యనావృష్టికిని గ్రంథము వెలుపల ఒక సాక్ష్యము కలదు. అహాబు భార్య యెజెబెలు తండ్రి ఎత్బయలు రాజ్యకాలమున ఒక సంవత్సరము వాన లేకుండెనని మెనాండరు అను పూర్వచరిత్రకారుడు వ్రాసినట్లు, క్రీస్తుశకము మొదటి శతాబ్దమందలి జోసీఫసు ఉదాహరించినాడు. రాజుల గ్రంథము మూడవ యేట వాన వచ్చెననుచున్నది. లూకా సువార్తయు యాకోబు పత్రికయు మూడున్నర సంవత్సరములనుచున్నవి. నోటినుండి నోటికి పోవుకొలది కరవు కాలము పెరుగుట లోకసహజము.

కరవునందు ప్రవక్త మొదట కెరీతు వాగు నొద్ద దాగెను. కాకోలములు అతనికి రొట్టెయు మాంసమును తెచ్చెనట. వాగు ఎండిన పిదప అతడు సీదోను దేశమందలి సారెపతు అను నూరికి పోయి, ఒక విధవరాలి యింట నుండెను. ఆమె తొట్టిలోని పిండియు బుడ్డిలోని నూనెయు కరవు తీరువఱకు తఱుగలేదని కథ. తరువాత కర్మెలు పర్వతముపై బయలు దేవుని ప్రవక్తలు 450 మందితో పోటీ జరిగెను. ఆకాశమునుండి అగ్ని దిగెను. జనులు ఆ ప్రవక్తలను పట్టుకొనగా ఏలీయా వారిని కీషోను వాగు నొద్ద వధించెను. పిమ్మట సముద్రముమీద మనుష్యుని చెయ్యంత మేఘము కనబడి, పెద్ద వాన కురిసెను.

2. అనావృష్టి యెవరి దోషము?

రాజు ధర్మము తప్పినందున వాన తప్పెనను భావము యూదుల సొత్తు కాదు. మనకును అది పరిచితమే. రోమపాదుని యపచారమువలన అంగదేశమున వానలు లేకపోగా ఋష్యశృంగుని రప్పించిరి. అన్నయైన దేవాపిని కాదని శంతనుడు పట్టము కట్టుకొన్నందున పండ్రెండేండ్లు వాన కురియలేదని యాస్కుడు నిరుక్తమున చెప్పినాడు. మన గ్రామములలో వాన రానప్పుడు విరాటపర్వము చదివింతురు. కప్పను రోకలికి గట్టి యింటింట నీళ్లు పోయింతురు. బండపై వరదపాశము పోసి నాకుదురు. ఈ యాచారములను పరిహసించుట సులభము. వాటి యడుగున నున్న దుఃఖమును గ్రహించినవారు పరిహసింపరు.

అయితే ఈ భావములో ఒక యపాయము కలదు. కరవు దైవకోపమైనచో, ఆకలిగొన్నవాడు దోషియగును. ధాన్యపు కొట్లు గలవాడు పుణ్యాత్ముడగును. రాజుల గ్రంథమును నిదానముగా చదివినవారికి ఆ కథయే ఈ యర్థమును ఒప్పుకొనదని తెలియును. కరవు ముదిరినప్పుడు అహాబు దేనిని వెదకుచుండెను? తన గుఱ్ఱములును కంచరగాడిదలును చావకుండునట్లు గడ్డిని వెదకుచుండెను. 2,000 రథములు గల ప్రభువునకు గుఱ్ఱములపై చింత యుండుట వింత గాదు. అదే సమయమున సారెపతు విధవరాలు దేనిని వెదకుచుండెను? రెండు పుల్లలను. మిగిలిన పిడికెడు పిండిని కాల్చుకొని తల్లియు కొడుకును తిని చావవలెనని ఆమె సంకల్పము. దోషము రాజుది; ఆకలి విధవరాలిది. గ్రంథకర్త ఈ రెండు చిత్రములను ఒకదాని వెంట నొకటి యుంచుట ఊరక కాదు.

మఱియొకటి గమనింపవలెను. యెజెబెలు సీదోను రాజపుత్రిక. ఈ విధవరాలును సీదోను దేశస్థురాలే. ఏ దేశపు దేవతకు వ్యతిరేకముగా ప్రవక్త పోరాడెనో ఆ దేశపు పేదరాలి వంటింటనే అతడు అన్నము తినెను. మోషే ధర్మశాస్త్రము కాకోలమును అపవిత్ర పక్షులలో చేర్చినది. అపవిత్ర పక్షి తెచ్చిన రొట్టెను, అన్యదేశపు విధవరాలు వండిన యప్పమును అతడు కాదనలేదు. ఎనిమిది వందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట యేసు నజరేతు సమాజమందిరమున ఈ సంగతినే జ్ఞప్తికి దెచ్చెను. ఇశ్రాయేలులో అనేకులు విధవరాండ్రుండగా ప్రవక్త సీదోను స్త్రీ యొద్దకే పంపబడెనని చెప్పినంతనే, ఊరివారు ఆగ్రహించి ఆయనను కొండకొననుండి త్రోయబోయిరని లూకా వ్రాసెను. పంక్తిభేదమును ధర్మమని నమ్మినవారికి ఈ కథ ఏ కాలమందును చేదుగనే యుండును.

1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిని దహించిన మహాక్షామము మన సీమను విడువలేదు. ఒంగోలునందలి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర, ఆ కాలమున బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు పుచ్చుకొని ఆకలిగొన్న జనులకు కూలి యిప్పించెను. అన్నముకొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ పని జరుగు నెలలలో బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. నల్లమలలో పుట్టి కంభము చెరువును నింపి వచ్చు గుండ్లకమ్మయే అది. ఏలీయా కథ మన పల్లెల మాదిగవాడలకు ఇట్లు కరవు నెఱిగినవారి చెవులలోనికి వచ్చినది. వారికి సారెపతు విధవరాలు పరదేశి కాదు.

ఇక కంభము చెరువును చూడుడు. విజయనగర ప్రభువుల కాలమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసినవారు, అనావృష్టి యెవరి పాపమని విచారించుచు కూర్చుండలేదు. వాన దైవాధీనమైనను, కట్ట మనుష్యాధీనము. వచ్చిన నీటిని నిలుపుటయు, నిలిచిన నీటిని సమముగా పంచుటయు మన ధర్మములు.

3. హోరేబు పర్వతము

కర్మెలు మీది విజయము ఏలీయాకు శాంతి నీయలేదు. యెజెబెలు ప్రాణము తీయింతునని కబురు పంపగా అతడు పాఱిపోయి, ఎడారిలో బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణమును కోరెను. అక్కడినుండి నలువది దినములు నడచి, మోషే రాతిపలకలను పొందిన హోరేబునకు చేరెను. అక్కడ గొప్ప గాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని పుట్టెను. ఈ మూటియందును దేవుడు లేడని గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది. అన్నిటి పిమ్మట మిక్కిలి మెల్లనైన యొక స్వరము వినబడెను. ఏలీయా ముఖము కప్పుకొనెను.

కర్మెలున అగ్నితో జయించిన ప్రవక్తకు, అగ్నిలో దేవుడు లేడని హోరేబున బోధింపబడినది. కీషోను వాగు నొద్ద జరిగిన వధను సమర్థింప యత్నించువారు ఈ యధ్యాయమును విడిచి చదువుచున్నారు. మతభేదమువలన మనుష్యుని చంపుట పుణ్యమని చెప్పువారు ఏ మతమందున్నను, వారికి అదే గ్రంథమే ఉత్తరము చెప్పుచున్నది. మెల్లని స్వరమును విన్న యేలీయా మరల ఎచ్చట కనబడెను? అగ్నిపరీక్షల యొద్ద గాదు. ఒక రైతు పొలము గట్టుమీద కనబడెను.

4. ద్రాక్షతోట వ్యాజ్యము

యెజ్రెయేలు నగరమున అహాబు కోట ప్రక్కన నాబోతు అనువానికి ద్రాక్షతోట యుండెను. దానిని కూరతోటగా చేసికొనవలెనని రాజు కోరెను. దానికి మాఱుగా మేలైన తోట నిత్తుననెను. లేదా వెల యిత్తుననెను. నాబోతు నిరాకరించెను, అది పితరుల స్వాస్థ్యము. భూమి దేవునిదనియు, శాశ్వతముగా అమ్మరాదనియు, ఏబదియవ సంవత్సరమున భూమి మూలవంశమునకు తిరిగి పోవలెననియు లేవీయకాండము 25వ అధ్యాయమున విధి కలదు. నాబోతు మొండివాడు కాడు; ధర్మశాస్త్రమును పాటించినవాడు. రాజు అలిగి, ముఖము త్రిప్పుకొని పరుండి, అన్నము మానెను.

అప్పుడు యెజెబెలు చేసిన పనిని న్యాయవాదవృత్తిలోనున్నవారు శ్రద్ధగా చదువదగును. ఆమె దండును పంపలేదు, తాకీదులను పంపెను. అవి రాజు పేరట వ్రాయబడి, రాజముద్ర వేయబడినవి. అవి చేరినది ఊరి పెద్దలకును ప్రముఖులకును. వారు ఉపవాసదినము చాటించిరి. నాబోతును సభలో నెదుట కూర్చుండబెట్టిరి. ధర్మశాస్త్రము మరణశిక్షకు ఇద్దఱు సాక్షులు కావలెననుచున్నది. సరిగా ఇద్దఱినే నిలిపిరి. దేవుని, రాజును దూషించెనని వారు వాంగ్మూలమిచ్చిరి. శిక్ష విధింపబడినది; ఊరి వెలుపల రాళ్లతో కొట్టి చంపిరి. ఉత్తరువు, ముద్ర, సభ, సాక్ష్యము, తీర్పు: వీనిలో ఏ యొక్కటియు లోపింపలేదు. న్యాయమొక్కటి లోపించినది. నాబోతు కుమారుల రక్తమును గూర్చియు రెండవ గ్రంథము 9వ అధ్యాయమున ప్రస్తావన కలదు. అనగా వారసులను గూడ మిగుల్పలేదని తెలియుచున్నది.

ఈ కథలో యెజెబెలును నిందించి తృప్తిపడుట మన యలవాటు. ఆమె వ్రాసినది తాకీదు మాత్రమే. దానిని నెరవేర్చినవారు చదువెఱిగిన పెద్దలు, ఊరిలో మర్యాద గలవారు, పండుగనాడు ముందువరుసను కూర్చుండువారు. వారిలో ఒక్కడు లేచి, ఈ సాక్షులు ఎవరని యడిగియుండిన యెడల నాబోతు బ్రదికియుండును. గ్రంథము వారి పేళ్లను సయితము వ్రాయలేదు. ఈ పుటలను చదువు మనము ఆ కథలో నాబోతు స్థానమున నుండుట యరుదు. అహాబు స్థానమునను ఉండము. పెద్దల స్థానమున మాత్రము ఎల్లప్పుడును ఉన్నాము.

రాజు తోటను స్వాధీనము చేసికొనుటకు పోయినప్పుడు ఏలీయా అక్కడ నిలిచియుండెను. చంపి స్వాధీనపఱచుకొంటివా యని అడుగుమని అతనికి ఆజ్ఞ యయ్యెను. కర్మెలు మీద వలె అగ్ని లేదు, జనసమూహము లేదు. ఒక్క ప్రశ్న, దానిని వినవలసినవాని ముఖము నెదుటనే అడిగెను. అహాబు గోనెపట్ట కట్టుకొని ఉపవాసముండెను. బయలు పూజకంటె ఈ ప్రశ్నయే అతని మెడను వంచినది.

5. జనశ్రుతియు మతాచారములును

ఏలీయా మరణింపలేదనియు, అగ్నిరథము అడ్డము రాగా సుడిగాలిలో ఆరోహణమయ్యెననియు గ్రంథము చెప్పినందున, అతడు మరల వచ్చునను నమ్మకము పుట్టెను. మలాకీ గ్రంథము దానితోనే ముగియుచున్నది. యూదులు పస్కా పండుగనాడు అతనికొక పాత్ర నింపి, తలుపు తెఱతురు. సున్నతి సమయమున అతనికొక యాసనము వేయుదురు. క్రైస్తవులు బాప్తిస్మమిచ్చు యోహానును అతని యాత్మతో వచ్చినవానిగా ఎంచిరి. రష్యా పల్లెలలో ఉఱుము అతని రథచక్రముల ధ్వనియని చెప్పుకొనిరి; గ్రీసు దేశమున కొండకొమ్ములపై అతని పేర చిన్న గుడులు కట్టిరి.

యూదుల న్యాయగ్రంథమగు మిష్నాలో ఒక వివాదము కలదు. ఇద్దఱు ఒకనియొద్ద సొమ్ము దాచిరి. ఒకడు నూఱు, మఱియొకడు రెండు నూర్లు. తరువాత ఇద్దఱును రెండేసి నూర్లు తమవే యనిరి. చెరి నూఱు నిచ్చి, మిగిలిన నూఱును ఏలీయా వచ్చువఱకు ఉంచవలెనని యొక మతము. అట్లయిన అబద్ధమాడినవానికి నష్టమేమి, మొత్తమును ఏలీయా వచ్చువఱకు ఉంచుడని రబ్బీ యోసే మతము. తేలని ప్రశ్నలకు తల్మూదున "తేకు" అని వ్రాయుదురు. తిష్బీయుడు వచ్చి చిక్కులు విప్పునని దానికి తరువాతివారు అర్థము చెప్పిరి. మన న్యాయస్థానములకు సయితము ఇట్టి యొక న్యాయమూర్తి వచ్చిన బాగుండునని తోచనివారెవరు?

తల్మూదునందే మఱియొక కథ కలదు. రబ్బీ బెరోకా సంతలో ఏలీయాను కలిసికొని, ఈ జనములో పరలోకభాగ్యము గలవారెవరని యడిగెను. ఏలీయా మొదట ఒక కారాగృహపు కావలివానిని చూపెను. అతడు ఖైదులోని స్త్రీల మానమును కాపాడుచుండెను. పిమ్మట ఇద్దఱు హాస్యగాండ్రను చూపెను. వారు దుఃఖితులను నవ్వించుచు, కలహించువారిని సమాధానపఱచుచుండిరి. పండితులలో నొక్కనినైనను చూపలేదు.

ఖురాను 37వ సూరాలో ఇల్యాసు తన జనులను, బయలును పిలిచి సృష్టికర్తలలో శ్రేష్ఠుని విడుతురా యని మందలించును. 18వ సూరాలో పేరు చెప్పబడని యొక దైవసేవకుని మోషే వెంబడించును. అతనిని సంప్రదాయము ఖిజరు అని పిలిచినది. అతడు పేదల పడవకు బెజ్జము చేసెను. ఏలయనగా, మంచి పడవలనెల్ల బలవంతముగా లాగుకొను రాజొకడు వెనుక నుండెను. అనాథబాలుర ధనము గోడ క్రింద నుండగా, పడిపోవు ఆ గోడను నిలిపెను. జనులు ఖిజరును ఇల్యాసును జతగా తలంతురు. తురుష్కదేశమున ఇరువుర పేళ్లు కలిపి హిదిరెల్లెజు అని మే 6వ తేదీన వసంతోత్సవము చేయుదురు. పేదల పడవ, అనాథల గోడ, నాబోతు తోట: ఇవన్నియు ఒకే చింతకు వేర్వేఱు రూపములు.

మన దేశమునందును అతని జాడలు కలవు. కొంకణమందలి బెనె ఇజ్రాయేలు యూదులు మ్రొక్కులు తీర్చుకొనునప్పుడు, అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లు కలిపిన మలీదాను ఏలీయా పేర పంచుదురు. అలీబాగు సమీపమున ఖండాలా గ్రామమున ఒక బండపైనున్న గుఱుతును అతని రథపు జాడగా చూపుదురు. తెలుగుదేశమున గుంటూరు జిల్లా చేబ్రోలు దాపునగల కొత్తరెడ్డిపాలెమున, మాదిగ కులమునుండి వచ్చిన బెనె ఎఫ్రాయిము అను తెలుగు యూదులు 1991లో ప్రార్థనామందిరము స్థాపించుకొనిరి.

ఈ కథలన్నిటిలో ఒక సంగతి స్ఫుటముగా కనబడుచున్నది. కర్మెలున అగ్ని దింపిన వీరుని జనులు అంతగా తమ యిండ్లలోనికి పిలువలేదు. తలుపు తట్టు నతిథిని, తగవు తీర్చు పెద్దను, పేదవాని సొత్తును కాచువానిని పిలిచికొనిరి. శాస్త్రజ్ఞులకంటె ముందుగా సామాన్యులు హోరేబు పాఠమును గ్రహించిరి.

6. మన కర్తవ్యము

కరవు సంవత్సరమే క్రయదస్తావేజుల సంవత్సరమని మన సీమలో భూవ్యాజ్యముల నెఱిగినవారికి తెలియును. నీరు లేనప్పుడు పొలము చేయి మాఱును. వేలిముద్ర వేయించుకొనువానికి తొందర యెక్కువ. 1977లోని 9వ చట్టము, భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల బదిలీని నిషేధించినది. 2023 సవరణ, ఇరువది సంవత్సరములు గడచిన మూల పట్టాదారులకు అమ్ముకొను స్వాతంత్ర్యమిచ్చినది. పేదవానికి తన సొత్తుపై పూర్ణహక్కు ఉండుట మేలే. కాని ఆకలినాటి సమ్మతి పూర్ణసమ్మతి యగునా? నాబోతునకు కాదనుటకు శక్తి యుండెను. మన నాబోతులకు ఆ శక్తియైనను ఉన్నదా? చట్టము ఈ ప్రశ్నకు కొంతవఱకే యుత్తరమీయగలదు. మిగిలిన యుత్తరము ఊరి పెద్దలు, కరణీకము తెలిసినవారు, సాక్షిసంతకము చేయువారు, వకీళ్లు ఈయవలెను.

కావున ఈ పాఠమును చదివినవారు మూడు విషయములను తమలో తాము విచారించుకొందురు గాక. మన యూరి విధవరాలి యింట మనము భుజింపగలమా? ముద్ర వేసిన తాకీదు మన చేతికి వచ్చినప్పుడు, సాక్షులెవరని యడుగు ధైర్యము మనకు కలదా? పొరుగువాని పొలము చౌకగా వచ్చుచున్నప్పుడు, అది యెందుకు చౌకగా వచ్చుచున్నదో విచారింతుమా?

ఏలీయా మరల వచ్చునో రాడో మనము వాదింపనక్కఱలేదు. అతడడిగిన ప్రశ్న మాత్రము ఇచ్చటనే యున్నది. దానిని అడుగుటకు అగ్నిరథము అవసరము లేదు. ఊరి సభలో లేచి నిలుచువాడొక్కడు చాలును.